కంప్యూటరు తెరకు ఎంత ధర పెట్టవలెను?

బిలాస్‌పూర్ నగరమునకు తూర్పున, హౌరాకు పోవు రైలుమార్గము ప్రక్కన లాల్‌ఖదాన్ ఉన్నది. కోర్బా ప్రాంతపు బొగ్గును మోయు గూడ్సుబండ్లు ఈ మార్గమున రేయింబవళ్లు నడచుచుండును. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడిన పిమ్మట దాని మార్గముల వెంబడి పని వెదకికొనుచు వచ్చినవారిలో శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల తెలుగువారు అనేకులు కలరు. వారి మనుమలును, మునిమనుమలును ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాటలాడుచు నేడు అదే రైల్వేలో కొలువు కొఱకు చదువుచున్నారు. 2003లో బిలాస్‌పూర్ ముఖ్యకేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే దేశమునకు అంకితమైన తరువాత ఈ ఆశ మఱింత పెరిగినది.

ఆ చదువు యొక్క తీరు మాత్రము మారినది. రైల్వే నియామక మండలి పెద్ద పరీక్షలు 2016 నుండి కాగితముపై గాక కంప్యూటరుపై జరుగుచున్నవి. కావున ఇంట్లో ఒక కంప్యూటరు, దానికొక తెర, అనగా మానిటరు, ఉండవలెనని తల్లిదండ్రులు తలచుట సహజమే. చిక్కు వచ్చునది అంగడిలో. ఒక మూల ఇరువదినాలుగు అంగుళముల సాధారణ మానిటరు, ఇంచుమించు ఎనిమిది, పది వేల రూపాయలకు దొరకునది, ఉండును. దాని ప్రక్కనే ముప్పది వేలో, అంతకు మించియో ధర పలుకు మేలురకపు మానిటరు మెఱయుచుండును. "పిల్లవాని కండ్ల సంగతి కదా, ధర చూడవచ్చునా?" యని అంగడివాడు ఒక్క మాట అనును. ఆ మాటకు తండ్రి తలవంచును. వాయిదాల మీద కొనును, లేదా అప్పు చేయును.

ఈ చిన్న పుస్తకము ఆ ఒక్క మాటను గూర్చి వ్రాయబడినది. మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. కండ్ల ఆరోగ్యము పేరిట ఆ అధిక ధరను చెల్లింపవలసిన పని లేదు. కండ్లు తెరను కోరునవి నాలుగైదు గుణములు మాత్రమే. అవి చౌకరకములో కూడ, ఎంచుకొనిన యెడల, దొరకును. మిగిలిన ధనము కంటిపరీక్షకును, అవసరమైనచో కండ్లద్దములకును, మేజాబల్లకును, దీపమునకును పోవుట మేలు. అయితే రోజంతయు, రాత్రియంతయు తెర ముందు కూర్చుండి కొలువు చేయువారి విషయము వేఱు. దానిని గూర్చి తరువాత చెప్పెదము.

తండ్రి భయమునకు కారణము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. రైల్వే కొలువులకు దృష్టి విషయమున ఏ-1 మొదలు సి-2 వరకు తరగతులున్నవి. అసిస్టెంటు లోకో పైలట్ కొలువునకు ఏ-1 కావలెను. అనగా రెండు కండ్లును విడివిడిగా, అద్దములు లేకుండ, 6/6 చూడవలెను. ఆరు మీటర్ల దూరమున సాధారణ నేత్రము చదువవలసిన వరుసను ఆరు మీటర్ల నుండియే చదువవలెనని దాని యర్థము. దగ్గరి చూపు, రంగుల గుర్తింపు, రెండు కండ్ల కలయిక, రాత్రిచూపు, మసక వెలుతురులో చూపు వీనిని కూడ పరీక్షింతురు. లేజరు శస్త్రచికిత్సతో దృష్టిని సరిచేయించుకొనిన వారికి ఈ తరగతిలో అవకాశము లేదని నియామక ప్రకటనలే చెప్పుచున్నవి. వ్రాతపరీక్షలో నెగ్గి, వైద్యపరీక్షలో ఓడిపోయినవానికి దాని బదులు వేఱొక కొలువు ఇయ్యబడదు. ఏండ్ల కొలది చదువు ఒక్క ఉదయమున అక్షరఫలకము ముందు నిలిచి పోవును. ఇట్టి స్థితిలో తండ్రి ముప్పది వేలకు వెనుదీయకుండుటలో ఆశ్చర్యము లేదు.

ప్రశ్న యేమనగా, ఆ ముప్పది వేలు ఏ-1ను కాపాడునా? కాపాడదు. ఎందువలన కాపాడదో చూతము.

ఏ-1లో తప్పిపోవుటకు ముఖ్యకారణములలో మొదటిది హ్రస్వదృష్టి. దూరపు వస్తువులు మసకగా కనబడుట దాని లక్షణము. కనుగ్రుడ్డు ఉండవలసినదాని కంటె కొంచెము పొడవుగా పెరుగుటచేత ఇది కలుగును. ఆ పెరుగుదలలో అధికభాగము బడి చదువు నాళ్లలోనే జరిగిపోవును. తల్లిదండ్రుల నుండి వచ్చు వారసత్వము, దగ్గరి పని విస్తారముగా చేయుట, ఆరుబయట గడపు వేళ తగ్గుట దీనికి తోడ్పడును. తెర ధర ఎంతయైనను అది ముఖమునకు అరవై సెంటీమీటర్ల దూరమున ఉండు వస్తువే. ఎనిమిది వేల తెరయు దగ్గరి పనియే, నలుబది వేల తెరయు దగ్గరి పనియే. చేతిలోని ఫోను ఇరువది, ముప్పది సెంటీమీటర్లలో ఉండును గనుక, కంటికి దానికంటె ఏ మానిటరైనను నయము.

రెండవది ఒక విచిత్రమైన పరీక్ష. ఏ-1 అభ్యర్థి కంటి ముందు రెండు డయాప్టర్ల కుంభాకార కటకము నుంచి, మరల అక్షరములు చదువు మందురు. సరియైన దృష్టి గలవానికి అప్పుడు అక్షరములు మసకబారవలెను. మసకబారక 6/6 చదివినచో, అతని కంటిలో దూరదృష్టి దోషము మఱుగున ఉన్నదని తేలును. యౌవనములో కంటి కండరములు ఆ దోషమును కప్పిపుచ్చును. వయస్సు వచ్చినప్పుడు అది బయటపడును. ఈ దోషము కలవానికి తాను దోషిననియే తెలియదు. అన్నియు స్పష్టముగనే కనబడుచుండును. ఇది పుట్టుకతో వచ్చు కంటి నిర్మాణమునకు సంబంధించినది. దీనిని ఏ తెరయు తెచ్చిపెట్టలేదు, తొలగింపలేదు. మూడవదియైన వర్ణాంధత్వము సాధారణముగా పుట్టుకతో వచ్చి, స్త్రీలకంటె పురుషులలో మిక్కిలి యెక్కువగా కనబడును. కొందరు యువకులు రంగుచుక్కల ఇషిహారా పటములను తెరపై పెట్టుకొని సాధన చేయుచుందురు. ఆ సాధన వలన ఫలము లేదు. ఒక తెరలో కనబడు ఎఱుపు మఱియొక తెరలో కనబడు ఎఱుపు కాదు. పరీక్ష జరుగునది అచ్చు పటములతో.

కనుక ఏ-1 కోరు యువకుడు తెర కొనుటకు ముందు, సాధ్యమైనచో పరీక్షకు దరఖాస్తు పెట్టుటకు ముందే, కంటివైద్యుని చూచుట ఉచితము. బిలాస్‌పూర్‌లో రైల్వే కుటుంబములకు రైల్వే కేంద్ర ఆసుపత్రి కలదు. ఇతరులకు ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ, అందరు సిమ్స్ అనునది, కలదు. ఫలానా కొలువునకు ఏ-1 కావలెనని చెప్పి పరీక్ష చేయించుకొనిన యెడల పైన చెప్పిన లోపములు ముందే తెలియును. ఏ-1 కుదరకపోయినను నిరాశ పడ నక్కరలేదు. స్టేషను మాస్టరు కొలువునకు ఏ-2, అనగా అద్దములు లేకుండ 6/9, చాలును. బి, సి తరగతుల కొలువులకు అద్దములతో చూచినను అంగీకరింతురు. ఏ కొలువునకు చదువవలెనో నిర్ణయించుకొనుటకు ఈ ఒక్క పరీక్ష ఉపయోగపడినట్లు ఏ మానిటరును ఉపయోగపడదు.

ఇక తెర నిజముగా కంటికి చేయు కీడు ఏమి? అలసట. అది శాశ్వతమైన హాని కాదు, అయినను బాధ నిజమైనది. సాధారణముగా మనము నిమిషమునకు పదునైదు మారుల వరకు రెప్పవేయుదుము. తెర చూచుచున్నప్పుడు అది ఐదు, ఏడు మారులకు దిగజారును. రెప్పపాటు తగ్గినచో కన్నీటి పొర ఆరిపోవును. కండ్లు మండును, ఎఱ్ఱబారును, ఇసుక పడినట్లుండును. చైత్ర వైశాఖములలో బిలాస్‌పూర్ ఎండ సంగతి తెలియనిది కాదు. ఆ నెలలలో ఫ్యానును ముఖమునకు సూటిగా పెట్టుకొని చదువు పిల్లవాని కండ్లు రెండింతలు ఆరును. ఫ్యానును వీపువైపునకో, ప్రక్కకో త్రిప్పుటకు ఖర్చు లేదు. దీనికి తోడు గంటల తరబడి ఒకే దూరమున చూచుటచేత లోపలి కండరము బిగుసుకొని, చదువు ముగించి లేచినప్పుడు దూరము కొంతసేపు మసకగా కనబడును. దానిని చూచి "కండ్లు పోయినవి" అని భయపడువారు కలరు. విశ్రాంతితో అది పోవును. ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరమున ఉన్న వస్తువును ఇరువది సెకండ్లు చూడవలెనని వైద్యులు చెప్పు నియమము దీనికొఱకే. లాల్‌ఖదాన్ ఇండ్లలో ఇరువది అడుగుల గది అందరికి ఉండదు. వాకిట నిలిచి దూరమున పోవు గూడ్సుబండి పెట్టెలను చూచినను చాలును.

ఇప్పుడు ఆ అధిక ధరకు ఏమి వచ్చునో నిష్పక్షపాతముగా చూడవలెను. మేలురకపు తెర ఉత్త మోసమని మేము చెప్పుట లేదు.

మొదటి గుణము అక్షరముల స్పష్టత. తెరపై బొమ్మ పిక్సెళ్లు అను చిన్న చతురస్రములతో ఏర్పడును. ఇరువదినాలుగు అంగుళముల సాధారణ తెరపై, అనగా అడ్డముగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు గలదానిపై, ఒక్కొక్క చతురస్రము వెడల్పు 0.28 మిల్లీమీటరు. ఇరువదియేడు అంగుళముల మేలురకపు ఫోర్‌కే తెరపై అది 0.16 మాత్రమే. 6/6 దృష్టి గల కన్ను అరవై సెంటీమీటర్ల దూరమున 0.17 మిల్లీమీటరు వఱకు విడదీసి చూడగలదు. కావున మేలు తెరపై పిక్సెలు కంటికి చిక్కదు, అక్షరము అచ్చు పుస్తకములో వలె నున్నగా కనబడును. చౌకతెరపై అంచులు కొంచెము గరుకుగా ఉండును. తేడా నిజమే. మన లిపికి ఈ తేడా ఇంగ్లీషు లిపికంటె అధికమని కూడ చెప్పవలెను. అక్షరము క్రింద ఒత్తు, పైన గుడి, దీర్ఘము ఇమిడియుండు తెలుగునకు, మాత్రలతో సంయుక్తాక్షరములతో నిండిన హిందీకి, కొద్ది పిక్సెళ్లు చాలవు. అయితే దీనికి విరుగుడు ఉచితముగా దొరకును. అక్షరముల పరిమాణమును కంప్యూటరులో నూటికి 125 చేసినచో ఒత్తులు విడివడి కనబడును. తెరను పది సెంటీమీటర్లు వెనుకకు జరిపినచో గరుకుదనము తగ్గును. పైగా ఫోర్‌కే తెరను కొని, అక్షరములను పెంచుకొనక, చీమతలలంత అక్షరముల కొఱకు ముందునకు వంగి చదువువారు ధర చెల్లించి మెడనొప్పిని కొనుచున్నారు.

ఇచ్చట చౌకరకములోనే చేయరాని పొరపాటు ఒకటి చెప్పవలెను. అదే చౌక తెర, ఇరువదియేడు అంగుళములు అయినచో పిక్సెలు 0.31 మిల్లీమీటరునకు పెరుగును. పిక్సెళ్ల సంఖ్య అదే, పరిమాణము మాత్రము పెద్దది. కాబట్టి చౌకలో పెద్దది కొనుట లాభము కాదు. ఇంతకంటె చెడ్డది పాత ముప్పదిరెండు అంగుళముల టీవీని మానిటరుగా వాడుట. అడ్డముగా 1366 పిక్సెళ్లే గల అట్టి టీవీపై ఒక్కొక్క పిక్సెలు అర మిల్లీమీటరు ఉండును. నాలుగు మీటర్ల నుండి సినిమా చూచుటకు అది బాగుండును. దానిపై ప్రశ్నపత్రము చదువుట కంటికి శిక్ష. మరియు మూడు వరుసల సూదులు గల పాత నీలిరంగు తీగతో కలిపిన మానిటరు మంచిదైనను బొమ్మ మసకబారవచ్చును. హెచ్‌డీఎంఐ తీగ వాడవలెను.

రెండవది మిణుకు. ఇది కంటికి కనబడక తల నొప్పించునది. తెర వెనుక ఎల్‌ఈడీ దీపము లుండును. వెలుతురు తగ్గింప కోరినప్పుడు కొన్ని తెరలు దీపమునకు విద్యుత్తును తగ్గించును. మఱికొన్ని దీపమును సెకండుకు కొన్ని వందల మారులు ఆర్పి వెలిగించుచు, మొత్తము మీద తక్కువ వెలుతురు ఇచ్చును. రెండవ పద్ధతిలో కన్ను మిణుకును పట్టలేకపోయినను, కొందరికి తలనొప్పి, కంటి అలసట కలుగును. ఒకప్పుడు చౌకతెరలలో ఇది సర్వసాధారణము. ఇప్పుడు మిణుకు లేని దీపములు చౌకరకములో కూడ విరివిగా వచ్చినవి. కాబట్టి ధర చూచి గాక, పరీక్షించి కొనవలెను. అంగడిలోనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. తెరపై తెల్లని పుట పెట్టించి, వెలుతురును సగమునకు తగ్గింపవలెను. పూర్తి వెలుతురులో మిణుకు బయటపడదు గనుక తగ్గించుట ముఖ్యము. పిమ్మట తెరకు ముందు ఒక పెన్సిలును వేగముగా అటునిటు ఆడింపవలెను. పెన్సిలు నీడ అవిచ్ఛిన్నముగా, మసకగా విసనకఱ్ఱ వలె కనబడినచో మంచిది. విడివిడిగా అనేక పెన్సిళ్లు నిలిచినట్లు కనబడినచో దీపము మిణుకుచున్నదని యర్థము. ఫోను కెమెరాలో చూచినప్పుడు తెరపై నల్లని పట్టీలు కదలుట కూడ దీనికి గుర్తు. అంగడివాడు నవ్విన నవ్వనిండు.

మూడవది నిలుపుపీట. దీనిని ఎవ్వరును చూడరు, మాకు మాత్రము ఇదియే ప్రధానముగా తోచును. తెర పైఅంచు కంటి మట్టమునకు సమముగనో, కొంచెము క్రిందుగనో ఉండవలెను. మేలురకపు తెరల పీట పైకి క్రిందికి జరుగును. చౌకతెరల పీట తరచుగా ముందు వెనుకలకు వంగును గాని లేవదు. ఒక్కడే వాడు ఇంటిలో ఈ లోపమునకు పాత రైల్వే గైడులు రెండు మూడు క్రింద పెట్టినచో సరిపోవును. అన్న, చెల్లెలు, తండ్రి వంతులవారీగా కూర్చుండు ఇంటిలో పుస్తకములు మార్చుచుండుట కుదరదు గనుక, పీట జరుగు మానిటరునకు వెయ్యి, రెండు వేలు ఎక్కువ ఇచ్చుట మేము సమర్థింతుము. కార్యాలయములు మార్చివేసిన వాడుక మానిటరులలో ఇట్టి పీటలు గలవి చౌకగా దొరకుచుండును. ఎల్‌ఈడీ దీపము గలదియు, ప్రక్కనుండి చూచినను రంగు మారని ఐపీఎస్ పలక గలదియు అయినచో అవి మంచి బేరమే. పసుపు బారిన పాత తెరలను మాత్రము ముట్టరాదు.

నాలుగవది, అంగళ్లలో అన్నింటికంటె బిగ్గరగా వినబడు నీలికాంతి మాట. "ఈ తెర నీలికాంతిని ఆపును, కండ్లను కాపాడును" అని చెప్పి కొందరు రెండు వేలు, ఐదు వేలు అధికముగా రాబట్టుదురు. కండ్లద్దములకు ఇదే పూత పూసి అమ్ముదురు. 2023లో కాక్రేన్ సంస్థ ఆరు దేశములలో జరిగిన పదునేడు పరిశోధనలను కలిపి పరిశీలించి, నీలికాంతిని వడకట్టు అద్దములు కంప్యూటరు వలని కంటి అలసటను, స్వల్పకాలమునందైనను, తగ్గించునట్లు కనబడుట లేదని చెప్పినది. కంటి అలసటకు కారణము నీలికాంతి కాదు. రెప్పవేయకుండుట, దూరము మార్చకుండుట. సాధారణ మానిటరు యొక్క అత్యధిక ప్రకాశము చదరపు మీటరునకు 250, 300 క్యాండెలాలు. మబ్బు పట్టిన పగటి ఆకాశము సయితము దానికి పలు రెట్లు ప్రకాశించును. ఆకాశమునకు బెదరని కన్ను ఈ తెరకు బెదరదు. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత మిక్కిలి వెలుతురు నిద్రను చెఱచు మాట నిజము. దానికి తెర వెలుతురును తగ్గింపవలెను. రంగును పచ్చబరచు నైట్ లైట్ అను ఏర్పాటు కంప్యూటరులోనే ఉచితముగా ఉన్నది. ఉచితముగా ఉన్నదానిని పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చు వేసి ధర కట్టుటను మేము వ్యాపారమనియే పిలుతుము, వైద్యమని పిలువము.

సెకండునకు 144, 240 మారులు బొమ్మ మార్చు తెరలు, వంపు తిరిగిన తెరలు, రంగుల విస్తారము గలవి ఆటలకును, ఛాయాచిత్రముల వారికిని పనికివచ్చును. ప్రశ్నపత్రము కదలదు.

మఱియొక సంగతి గలదు. పరీక్షాకేంద్రమునకు మీ మానిటరును తీసికొనిపోరు. అచ్చట వరుసగా పేర్చినవి సాధారణమైన తెరలే. ఇంటిలో అట్టిదానిపైననే సాధన చేసినవానికి ఆ నాడు తెర కొత్తగా తోచదు.

ఇక ఎవరికి మేలురకము కావలెను? రైలుబండ్ల రాకపోకలను నడపు కంట్రోలు గదిలో కూర్చుండువారు, రిజర్వేషను గుమాస్తాలు, లెక్కల కార్యాలయములవారు, ఎనిమిది గంటలు తప్పించుకొనుటకు వీలులేక తెర చూచువారు కలరు. ఒకే కుర్చీలో పగలొకరు, రాత్రి యొకరు, పొట్టివారు, పొడవువారు కూర్చుందురు. వారికి మిణుకు లేని, పీట జరుగు, అక్షరములు స్పష్టమైన తెర విలాసము కాదు, పనిముట్టు. ఆ ధరను భరింపవలసినవాడు యజమాని. 1990లో ఐరోపా ఆర్థిక సమాజము చేసిన నియమములో తెర బొమ్మ స్థిరముగా, మిణుకు లేకుండ ఉండవలెననియు, తెర సులభముగా త్రిప్పుటకును వంచుటకును వీలుండవలెననియు, తెరపై పనిచేయువారికి పనిలో చేరుటకు ముందును, తరువాత అప్పుడప్పుడును కంటిపరీక్ష జరుగవలెననియు ఉన్నది. మన కార్యాలయములలో కొనుగోలు సంఘములు అతి తక్కువ ధర పలికినవానికే ఒప్పందము ఇచ్చుట ఆచారము. మా దృష్టిలో ఇది తలక్రిందులైన వ్యవహారము. ఇంటిలో అప్పుచేసి మేలుతెర కొనుచున్నారు, కార్యాలయములో పొదుపుచేసి చౌకతెర పెట్టుచున్నారు. ఖర్చు పెట్టవలసిన చోటు రెండవది.

నలుబది యేండ్లు దాటిన తండ్రి కూడ అదే తెర ముందు కూర్చుండును. అతనికి దగ్గరి చూపు మందగించి యుండును. రెండు కటకములు గల అద్దములలో క్రింది భాగము పుస్తకము దూరమునకు చేసినది. దానితో తెరను చూచుటకు గడ్డమెత్తి మెడ వెనుకకు వంచును. ఒక నెల గడచునప్పటికి మెడనొప్పి, దానికి తైలమర్దనములు. తెరను కొంచెము క్రిందికి దింపవలెను, లేదా అరవై సెంటీమీటర్ల దూరమునకు ప్రత్యేకముగా అద్దములు చేయించుకొనవలెను. వైద్యుని వద్దకు పోవునప్పుడు తెరకును ముఖమునకును గల దూరమును కొలతపట్టీతో కొలిచి, కాగితముపై వ్రాసికొనిపోవుట మంచిది. "కంప్యూటరు చూతును" అనుట కంటె "అరవైరెండు సెంటీమీటర్లు" అనుట వైద్యునకు ఉపయోగపడును.

ఇంటిలో ఏడెనిమిదేండ్ల తమ్ముడో చెల్లెలో ఉన్నచో మా ఆందోళన అంతయు వారిని గూర్చియే. ఇరువదేండ్ల అన్న కనుగ్రుడ్డు పెరుగుదల చాలవఱకు ముగిసినది, వీరిది ఇప్పుడే సాగుచున్నది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2010 నుండి మూడేండ్లు పన్నెండు బడులలో ఒక పరీక్ష జరిగినది. ఆరు బడులలో మొదటి తరగతి పిల్లలకు రోజుకు నలుబది నిమిషములు ఆరుబయట తరగతి అదనముగా పెట్టిరి. మూడేండ్ల పిమ్మట ఆ బడులలో నూటికి 30.4 మందికి హ్రస్వదృష్టి వచ్చినది, తక్కిన బడులలో 39.5 మందికి వచ్చినది. తైవాన్ ప్రభుత్వము 2010 నుండి బడిపిల్లలు రోజునకు 120 నిమిషములు వెలుపల గడపునట్లు ఒక కార్యక్రమము నడపినది. పగటి వెలుతురునకు కనుగ్రుడ్డు పెరుగుదలను అదుపుచేయు శక్తి గలదని దీనివలన తెలియుచున్నది. పది, పదునైదేండ్ల తరువాత ఏ-1 అక్షరఫలకము ముందు నిలువబోవువాడు ఈ పిల్లవాడే. ప్రొద్దుటను, సాయంకాలమును వానిని మైదానమునకు పంపవలెను. రైలుపట్టాల మీదికి కాదు సుమా.

1976లో ప్రారంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము, 2017 నుండి దృష్టిలోప నివారణమును కూడ తన పేరున చేర్చుకొనినది. దీని క్రింద బడిపిల్లల కండ్లను పరీక్షించి, అవసరమైనవారికి అద్దములను ఉచితముగా ఇచ్చు ఏర్పాటు కలదు. అద్దములు పెట్టినచో చూపు ఇంకను తగ్గునని, ఆడపిల్లకు పెండ్లి కాదని వెనుకాడువారు ఇప్పటికిని ఉన్నారు. అద్దములు చూపును తగ్గింపవు. నల్లబల్ల కనబడని పిల్ల చదువులో వెనుకబడును, అంతే. ముప్పది వేల తెరకు సంశయింపని ఇంటిలో ఉచితముగా వచ్చు అద్దములకు సంశయము కలుగుట మాకు అర్థము కాని విషయము.

ఇన్ని చెప్పిన పిమ్మట కొనుగోలు సంగతి సులభమే. ఇరువదినాలుగు అంగుళములకు మించనిది, 1920, 1080 పిక్సెళ్లు గలది, ఐపీఎస్ పలక గలది, మెఱపులేని గరుకు ఉపరితలము గలది, పెన్సిలు పరీక్షలో నిలిచినది, భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు గలది చాలును. ఆ గుర్తు విద్యుత్ ప్రమాదములు లేకుండుటకు గాని కంటికి మేలని కాదు. ఇంటికి తెచ్చి, కిటికీకి ఎదురుగనో కిటికీ ముందో పెట్టక, కిటికీ ప్రక్కకు వచ్చునట్లు పెట్టవలెను. తెర ప్రక్కన ఒక తెల్లకాగితము పట్టి చూడవలెను. తెర కాగితముకంటె దీపము వలె వెలిగినచో వెలుతురు తగ్గింపవలెను. బూడిదవలె కనబడినచో పెంచవలెను. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుచుండ చదువరాదు. గోడవైపు ఒక దీపము వెలిగించి యుంచవలెను. మొదటి వారము సాయంకాలమున ప్రతిదినము కండ్లు మండుచున్నవా, తలనొప్పి వచ్చుచున్నదా యని గమనించి, వచ్చుచున్నచో అంగడివాడు తిరిగి తీసికొను గడువు దాటక మునుపే పోవలెను. రసీదును దాచియుంచవలెను.